ఊరూరా తిరిగిన బలం – కోడి రామ్మూర్తి నాయుడు



మీలో ఎవరినైనా ఇప్పటికి ఎన్ని బళ్ళు మారావని అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటారు. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. సామాను పెట్టెల్లోకి ఎక్కుతుంది. బడిలో టీ.సీ. తీసుకుంటారు. కొత్త ఊళ్ళో కొత్త క్వార్టరు, కొత్త భాష, కొత్త స్నేహితులు. ఈ మార్పుల్లో అన్నిటికన్నా ముందు జారిపోయేది రోజూ చేసే అలవాటు. పాత ఊళ్ళో పొద్దున్నే పరుగుకు వెళ్ళిన అబ్బాయి కొత్త ఊళ్ళో మైదానం ఎక్కడుందో తెలియలేదంటాడు. యోగా నేర్చుకున్న అమ్మాయి ఇక్కడ నేర్పేవాళ్ళు లేరంటుంది. ఇల్లు సర్దుకున్నాక మొదలుపెడదామనుకుంటారు. ఇల్లు సర్దుకునేసరికి మళ్ళీ బదిలీ వస్తుంది.

కొన్ని వారాలకోసారి ఊరు మార్చుకుంటూ బతికిన ఒక తెలుగువాడి కథ ఈసారి మీకు చెబుతాను. సాధన ఒక వారం తప్పితే ఆయనకు పోయేది బహుమతో మార్కులో కాదు, ప్రాణమే పోవచ్చు. ఆయనే కోడి రామ్మూర్తి నాయుడు. మన తాతముత్తాతలు ఆయన్ని కలియుగ భీముడన్నారు. ఉత్తరాదిలోనూ ఇక్కడ బెంగాల్లోనూ ప్రొఫెసర్ రామమూర్తి అంటే తెలియనివారు ఆ రోజుల్లో తక్కువ.

రామ్మూర్తి 1880ల తొలి సంవత్సరాల్లో వీరఘట్టంలో పుట్టారు. అది అప్పట్లో మద్రాసు రాజధానికి చెందిన ఊరు. తరువాత శ్రీకాకుళం జిల్లాలో ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. చూశారా, ఊళ్ళకు కూడా బదిలీలు తప్పవు! తండ్రి పేరు వెంకన్న నాయుడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. పిల్లవాణ్ణి విజయనగరంలో ఉన్న పినతండ్రి నారాయణస్వామి ఇంటికి పంపారు. ఆయన పోలీసు శాఖలో పనిచేసేవారు. అంటే మన కథానాయకుడికి మొదటి బదిలీ పలక పట్టే వయసులోనే అయింది. అది కూడా అమ్మ లేకుండా.

ఆ రోజుల్లో విజయనగరం చిన్న ఊరైనా గొప్ప ఊరు. సంగీతం, సాహిత్యం, నాటకం, కుస్తీ అన్నీ రాజుల ఆదరణలో వర్ధిల్లుతుండేవి. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం నాటకం 1892లో మొదటిసారి ప్రదర్శించింది అక్కడే. అప్పటికి రామ్మూర్తి మీ వయసువాడు. అతని మనసు నాటకం మీద కాదు, తాలింఖానా మీద ఉంది. తాలింఖానా అంటే ఆ కాలపు వ్యాయామశాల. మెత్తటి మట్టి పరిచిన గోదా ఉండేది. అందులో కుస్తీ పట్టేవారు. దండీలు, బస్కీలు తీసేవారు. అరచేతులు, కాలివేళ్ళు నేలకు ఆనించి, శరీరాన్ని కిందికి దింపి ముందుకు సాగదీసి లేపితే అది దండీ. నిలుచుని, వెన్ను వంగకుండా గుంజీలు తీసినట్టు కూర్చుని లేస్తే అది బస్కీ. వినడానికి ఇంతే. వంద తీస్తే తెలుస్తుంది దాని సంగతి!

చదువులో వెనకబడినా రామ్మూర్తి గోదాలో ఎవరికీ తీసిపోలేదు. 21 ఏళ్ళు వచ్చేసరికి ఛాతీ మీద ఒకటిన్నర టన్నుల బరువు మోయగలిగేవారని, తరువాత అది రెట్టింపైందని ఆయన జీవితకథలు చెబుతాయి. కండబలం ఉంటే చాలదని, దాన్ని పద్ధతిగా నేర్వాలని పినతండ్రి ఆయన్ని మద్రాసు పంపారు. అక్కడ సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, ధ్రువపత్రం తీసుకుని విజయనగరం తిరిగివచ్చారు. తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. అంటే కలియుగ భీముడు మొదట మీ పి.ఈ.టి. సార్ లాంటివారన్నమాట.

ఆ ఉద్యోగంలో ఉండిపోతే ఆయన జీవితం విజయనగరంలోనే గడిచిపోయేది. కానీ అది సర్కస్‌ల కాలం. విష్ణుపంత్ ఛత్రే 1880లో మహారాష్ట్రలో సర్కస్ పెట్టారు. కలకత్తాలో ప్రియనాథ్ బోస్ గ్రేట్ బెంగాల్ సర్కస్ నడిపారు. యూజెన్ శాండో అనే పేరుమోసిన బలశాలి 1904-05లో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. అతన్ని చూసిన ఎందరో యువకులు వ్యాయామం మొదలుపెట్టారు. అదే కాలంలో రామ్మూర్తి కూడా ఉద్యోగం వదిలి, మిత్రుల సాయంతో సొంత సర్కస్ కట్టి ఊళ్ళు తిరగడం ప్రారంభించారు.

ఆయన డేరాలో జనం ఏం చూసేవారు? మొదట ఇనుప గొలుసు. దాన్ని ఒంటికి బిగించి చుట్టేవారు. ఆయన నిండుగా గాలి పీల్చి, కండరాలు బిగించగానే గొలుసు లంకె తెగి కిందపడేది. తరువాత మోటారు కార్లు. రెండు కార్లకు కట్టిన గొలుసులనో తాళ్ళనో రెండు చేతులతో పట్టుకుని నిలబడితే, అవి ఎంత రొద పెట్టినా కదిలేవి కావు. చివరిది ఏనుగు. ఆయన వెల్లకిలా పడుకుంటే ఛాతీ మీద చెక్కపలక వేసేవారు. దాని మీదుగా ఏనుగు నడిచేది, కాసేపు నిలబడేది కూడా. ఎదిగిన ఏనుగు బరువు రెండున్నర నుంచి నాలుగు టన్నులు ఉంటుంది!

ఇందులో మాయ లేదు, మంత్రం లేదు. సైన్సు ఉంది, సాధన ఉంది. చెక్కపలక బరువును ఒక్కచోట గుచ్చుకోకుండా పరుస్తుంది. పలక అంచు నేలకు ఆనితే కొంత బరువు నేల మోస్తుంది. మిగిలినదే మనిషిని చంపడానికి చాలు. దాన్ని ఆపేది ఊపిరి. నిండుగా పీల్చిన గాలిని లోపల బంధించి, పొట్ట, వీపు, పక్కల కండరాలన్నీ ఒక్కసారిగా బిగిస్తే మొండెం గాలి నింపిన బంతిలా గట్టిపడుతుంది. ఆ క్షణంలో దగ్గు వచ్చినా, పట్టు సడలినా పక్కటెముకలు మిగలవు. మీరు ఇంట్లో తమ్ముణ్ణి ఛాతీ మీద నిలబెట్టి ఇది ప్రయత్నించకూడదని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను. ఏళ్ళ తరబడి, మెట్టుమెట్టుగా బరువు పెంచుకుంటూ వచ్చిన మనిషి చేసిన పని అది.

ఇప్పుడు మనకు కావలసిన సంగతికి వద్దాం. సర్కస్ మనిషికి స్థిరమైన ఊరు ఉండదు. డేరా, గుడ్డలు, మోకులు, జంతువులు, మనుషులు అన్నీ బళ్ళ మీదా రైలు మీదా కదలాలి. ఒక ఊళ్ళో కొన్ని రోజులో కొన్ని వారాలో ఆడాక గుంజలు పీకాలి. రాత్రి ప్రయాణం, తెల్లవారి కొత్త ఊరు. నీళ్ళు మారతాయి, తిండి మారుతుంది, వాతావరణం మారుతుంది. మీకు బదిలీ రెండు మూడేళ్ళకోసారి. సర్కస్ వాళ్ళకు నెలనెలా బదిలీయే. ఏనుగు మాత్రం ఏ ఊళ్ళోనైనా అంతే బరువు. ప్రయాణంలో అలసిపోయానంటే అది తేలికవదు.

మరి అలాంటి బతుకులో శరీరాన్ని ఎలా కాపాడుకున్నారు? ఆయన చేసిన సాధన ఏమిటో చూస్తే జవాబు దొరుకుతుంది. దండీలు, బస్కీలు, కుస్తీ, ప్రాణాయామం. ఊపిరిని బిగబట్టే వాయుస్తంభన, నీటిలో ఊపిరి నిలిపి ఉండే జలస్తంభన కూడా ఆయనకు వచ్చునని చెబుతారు. ఆహారం శాకాహారమే. ఈ పట్టికలో ఒక్క యంత్రం కూడా లేదు. దండీకి మనిషి పొడవు నేల చాలు. బస్కీకి అంత కూడా అక్కర్లేదు. ప్రాణాయామానికి కూర్చునే చోటు చాలు. కుస్తీకి ఒక జోడీ, కాస్త మట్టి. ఇవన్నీ పెట్టెలో సర్దనక్కర్లేకుండా మనిషితోపాటే కదిలివస్తాయి. విజయనగరం తాలింఖానాను ఆయన మోసుకెళ్ళలేరు కదా! అక్కడ నేర్చుకున్నది మాత్రం ప్రతి ఊరికీ వెళ్ళింది.

సరిగ్గా ఆ కాలంలోనే మరో ఖండంలో మరో సర్కస్ మనిషి ఇలాంటి దారిలోనే నడిచాడు. ఈమధ్య పెద్ద ఊళ్ళలో పిలాటిస్ అనే వ్యాయామం పేరు మీరు వినే ఉంటారు. అది ఒక మనిషి ఇంటిపేరు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసంతో బాధపడిన బక్కపిల్లవాడు. వ్యాయామంతో గట్టిపడి, ఇంగ్లండు చేరి, బాక్సింగ్, సర్కస్ ప్రదర్శనలు చేసేవాడు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం రాగానే జర్మన్ కావడంతో నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ వ్యాయామశాల లేదు. నేల మీద పడుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ, నడుము చుట్టూ ఉండే కండరాలను అదుపులో ఉంచే కసరత్తులను తోటి ఖైదీలతో చేయించాడు. తరువాత న్యూయార్క్ వెళ్ళి అదే పద్ధతి నేర్పాడు. 1967లో చనిపోయాడు. రామ్మూర్తి గారికి అతను తెలియదు, అతనికి ఈయన తెలియదు. కానీ ఊపిరి, నడుము, రోజూ చేయడం అనే మూడు సంగతులు ఇద్దరూ పట్టుకున్నారు. ఒకరికి డేరా, ఒకరికి జైలు. ఇద్దరికీ సొంత వ్యాయామశాల లేదు.

ఇక మన బెంగాల్ సంగతి. రామ్మూర్తి గారి సర్కస్ కలకత్తా వచ్చిన రోజులు మామూలు రోజులు కావు. 1905లో బెంగాల్‌ను రెండుగా చీల్చారు. స్వదేశీ ఉద్యమం లేచింది. బెంగాలీలు బలహీనులు, పోరాడలేనివారు అని ఆంగ్లేయులు ఎగతాళి చేస్తుండేవారు. దానికి జవాబుగా యువకులు పేటపేటకూ అఖాడాలు పెట్టుకుని కసరత్తు చేస్తున్నారు. అలాంటి సమయంలో ఒక భారతీయుడు, శాకాహారి, విదేశీ యంత్రాల్లేకుండా పెరిగిన శరీరంతో మోటారు కార్లను ఆపి చూపించాడు. డేరాలో చప్పట్లు కొట్టినవారికి అది వినోదం మాత్రమే కాదు. మనవాళ్ళు చేయగలరన్న ధైర్యం.

ఆ డేరాలో కూర్చుని చూసినవారిలో భవేంద్రమోహన్ సాహా అనే కలకత్తా కుర్రవాడు ఉన్నాడు. మలేరియాతో చిక్కిపోయి, అఖాడాలో చేరి కోలుకున్నవాడు. రామ్మూర్తి గారి ప్రదర్శన చూశాక అతను ఇంట్లో చెప్పకుండా రాత్రికి రాత్రే సర్కస్‌తో వెళ్ళిపోయాడు. (ఈ భాగం మాత్రం మీరు అనుసరించకండి!) రామ్మూర్తి గారి దగ్గర నేర్చుకుంటూ రంగూన్, సింగపూర్, జావా దాకా తిరిగాడు. తరువాత భీమ్ భవానీ పేరుతో బెంగాల్ అంతటా ప్రసిద్ధుడయ్యాడు. 1922లో చిన్న వయసులోనే చనిపోయినా, బెంగాల్ బలశాలుల కథ చెప్పేవారు అతని పేరు మరచిపోరు. గురువు తెలుగువాడు, శిష్యుడు బెంగాలీ. వాళ్ళు ఏ భాషలో మాట్లాడుకున్నా, గోదాలో పాఠం చెప్పుకోవడానికి పెద్ద భాష అక్కర్లేదు. కొత్త ఊళ్ళో భాష రాక బిక్కమొహం వేసుకుని నిలబడే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆటస్థలంలో స్నేహం కుదిరాక మాట దానంతటదే వస్తుంది.

తరువాత కీర్తి పెరిగింది. లోకమాన్య తిలక్, మదనమోహన మాలవీయ వంటి పెద్దలు మెచ్చుకున్నారని, లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చారని, ఇండియన్ హెర్క్యులిస్ అన్న బిరుదు అక్కడే వచ్చిందని ఆంధ్రదేశంలో చెప్పుకుంటారు. డబ్బు లక్షల్లో వచ్చిందని, వచ్చినదాన్ని దాచుకోకుండా దానధర్మాలకు ఇచ్చేశారని కూడా అంటారు. ఈ కథలు చెప్పిన కొద్దీ పెరిగేవే. ఏనుగు బరువుకన్నా చెప్పేవారి అభిమానం బరువెక్కువ. వాటిని పక్కన పెట్టినా మిగిలేది తక్కువేం కాదు.

కష్టకాలం వచ్చింది. కాలికి జబ్బు చేసి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. కాలు తీసేశారు. మత్తుమందు తీసుకోకుండా ప్రాణాయామంతో ఊపిరి బిగబట్టి ఆ నొప్పి భరించారని ఆయన్ని ఎరిగినవారు చెప్పుకునేవారు. ఒక్కసారి ఆలోచించండి. దండీలకు, బస్కీలకు, కుస్తీకి, కార్లను ఆపడానికి నేలను తన్నిపట్టిన కాలు అది. బస్కీ పోయింది. కుస్తీ పోయింది. డేరా, ఏనుగు, చప్పట్లు అన్నీ పోయాయి. ఆ మనిషి దగ్గర ఇంకా మిగిలింది చిన్నప్పుడు నేర్చిన ఊపిరి సాధన. అందరికన్నా బలవంతుడన్న పేరు శరీరంతోపాటు పోయేదే. సాధన మాత్రం చేయగలిగినంత మేరకు చివరిదాకా తోడుంటుంది. ఆయన జీవితంలో ఏనుగు ఘట్టంకన్నా నాకు ఈ ఘట్టమే పెద్దదిగా కనిపిస్తుంది.

చివరి రోజులు ఒడిశాలోని పాట్నా సంస్థానంలో గడిచాయి. ఇది బీహారులోని పాట్నా కాదు. బలాంగీర్ రాజధానిగా ఉండిన పాత సంస్థానం. సంస్థానాధీశుల ఆదరణ ఆయనకు దొరికింది. 1942 జనవరి 16న, సంక్రాంతి రోజుల్లో, బలాంగీర్‌లో కన్నుమూశారు. పుట్టింది తెలుగు నేల, పేరు తెచ్చుకుంది దేశమంతా, చివరి శ్వాస ఒడియా నేల మీద.

ఖరగ్‌పూర్‌లో ఉన్న మనకు ఇది కొత్త కథ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు కట్టి, కలకత్తా మద్రాసు దారి తెరిచిన రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మనుషులు పని కోసం ఇక్కడికి వచ్చారు. గోల్ బజార్, మథురాకాటి, నింపురా వైపు నడిచి చూడండి. తెలుగు మాట వినపడని వీధి తక్కువ. వాళ్ళు కూడా వస్తూ పొలాన్నీ ఇంటినీ తేలేదు. చేతిపనినీ, మాటనూ, పండగలనూ తెచ్చుకున్నారు. రోజూ చేయబట్టి అవి నాలుగు తరాలు నిలిచాయి. భాష కూడా దండీ లాంటిదే. తీస్తూ ఉంటే నిలుస్తుంది, మానేస్తే మొద్దుబారుతుంది.

మరి మీరేం చేయాలి? ఏనుగుల జోలికి వెళ్ళకండి. ఒక చిన్న సాధన ఎంచుకోండి. దానికి మూడు షరతులు. దానికి సామాను అక్కర్లేకపోవాలి. చాప పరిచినంత చోటులో చేయగలగాలి. అలసిన రోజున కూడా చేయగలిగినంత చిన్నదై ఉండాలి. 10 బస్కీలు, 5 సూర్యనమస్కారాలు, 5 నిమిషాలు నిదానంగా ఊపిరి తీసి వదలడం, ఏదైనా సరే. పి.ఈ.టి. సార్‌నో యోగా మేడమ్‌నో అడిగి సరైన తీరు నేర్చుకోండి. తప్పుగా వంద తీయడంకన్నా సరిగ్గా పది తీయడం మేలు. మోకాలు నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా ఆపాలి. సాధన అంటే మొండితనం కాదు.

అసలు పరీక్ష సామాను కట్టే వారంలో వస్తుంది. మంచాలు విప్పేశారు, గిన్నెలు గోనెసంచుల్లో ఉన్నాయి, ఇంటినిండా తాళ్ళూ అట్టపెట్టెలూ. సరిగ్గా ఆ రోజునే చేయండి. ఖాళీ అయిన గదిలో చోటుకేం కొదవ! రైలులో ఉన్నప్పుడు బెర్తు మీద వెన్ను నిటారుగా పెట్టి ఊపిరి సాధన ఒక్కటి చేస్తే చాలు. కొత్త క్వార్టరులో ఫ్యాను బిగించకముందే, పుస్తకాలు సర్దకముందే మొదటి ఉదయం మళ్ళీ చేయండి. సర్దుకున్నాక మొదలుపెట్టాలనుకుంటే మొదలవదు. మొదలుపెడితే మాత్రం ఆ కొత్త ఊరు త్వరగా మీదవుతుంది. అక్కడ మీకు తెలిసిన మొదటి పని అదే కనుక.

వేసవి సెలవుల్లో తాతగారి ఊరు వెళ్ళేటప్పుడు బండి శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగా విశాఖ చేరుతుంది. శ్రీకాకుళంలో రామ్మూర్తి గారి పేరున స్టేడియం ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో మహనీయుల వరుసలో ఆయన విగ్రహం ఉంది. వీలైతే దిగి చూడండి. ఆ ఉదయం మీ పది బస్కీలూ తీసేసి వెళితే ఇంకా మంచిది.